అరువు నాలుక

దుబాయ్‌లో ఒక పెద్ద హోటల్. ఫ్రెంచి రెస్టారెంటు వంటింటి వెనక, సరుకుల లిఫ్టు పక్కన మెట్లు. 2021 నవంబరు, మధ్యాహ్నం నాలుగు గంటలు. సాస్‌లు కాచే ఖాదర్ హుస్సేన్, గిన్నెలు తోమే ప్రేమరాజు.

“ఒక దెబ్బ కొడితే ఉప్పు తక్కువ. రెండు కొడితే పులుపు ఎక్కువ. మూడు కొడితే దించెయ్. ఆరేళ్ల నుంచి కొడతాండావు కదా రాజూ, ఈ పొద్దు కొత్తగా ఏమొచ్చె నీకు?”

“నడుం పట్టేసింది ఖాదర్ భాయ్.”

“గరిటెతో గిన్నె మీద మూడు దెబ్బలు కొట్టేదానికి నడుమెందుకు రా?”

“అది కాదు భాయ్. ఐదింటికి గ్లాసుల మెషీను కడగాలి. సూపర్‌వైజరు వదలడు.”

“వాణ్ని నేను అడిగినా. వదుల్తానన్నాడు.”

“అడిగేశావా? నన్నడక్కుండా?”

“నిన్నడిగేదేముంది? పోయిన వారం చెప్పినప్పుడు ఊ అంటివి. మొన్న చెప్పినప్పుడు ఊ అంటివి. ఇంగ గంట ఉందనంగా నడుమంటావు, మెషీనంటావు.”

“ఊ అన్నాను. ఊ అంటే సరే అనా?”

“మీ పాలకొల్లులో ఊ అంటే ఏమంటారు మరి?”

“విన్నాను అని.”

“రాజూ, తమాషా చేసే టైమా ఇది? మళ్లీ చెప్తా, సరిగ్గా విను. షెఫ్ మూడు గిన్నెలు పెడతాడంట. మూడూ ఎర్ర సాసే. ఒకటి పొద్దున నేను కాచింది. ఇంగ రెండు వేరేవాళ్లవి. ఏది నాదో కనుక్కోవాల, మిగతా రెంట్లో ఏం తప్పిందో చెప్పాల. నేను ఒక్కో గిన్నెలో స్పూను ముంచుతా, నోటి దగ్గరికి తీసుకపోయినట్టు చేస్తా, ట్రేలో పడేస్తా. ట్రే గోడ కిటికీలోంచి నీ దగ్గరికి వస్తాది. నువ్వు స్పూను నాకు. గిన్నె కడుగుతాండేటట్టు కొట్టు. ఖలాస్.”

“కనుక్కుంటే సూ షెఫ్.”

“ఆ. అబుదాబిలో కొత్తది తెరుస్తాండారు. ఈయన ఆడికి హెడ్డుగా పోతాండాడు. ఆయన తర్వాత నేనే.”

“కనుక్కోలేకపోతే?”

“స్టాఫ్ మెస్‌కు వండేది. రోజూ పప్పు, క్యాబేజీ. రూములో మీరంతా నన్ను తిట్టుకుంటా తినేది.”

“స్టాఫ్ మెస్ ఏమంత చెడ్డది భాయ్? ఏసీ ఉంది. తొందరగా వదిలేత్తారు.”

“నా వీసాలో ఏమని ఉందో చెప్పు.”

“మళ్లీ అదా?”

“చెప్పరా.”

“కిచెన్ హెల్పరు.”

“పదమూడేళ్లు. నీ సింకు దగ్గరనే మొదలుపెట్టినా. ఉల్లిగడ్లు కోసినా. నాలుగేళ్లు దూడ ఎముకలు కాగబెట్టినా, ఇంటికి పోతే నా చొక్కా మీద ఈగలు వాలేవి. ఆరేళ్లుగా ఈ రెస్టారెంటులో ప్రతి సాస్ నా చేతి మీదనే పోతాంది. మెనూలో పేరు షెఫ్‌ది, గోడ మీద ఫోటో షెఫ్‌ది, కాగితంలో నేను హెల్పరు. రేపు వీళ్లు పొమ్మంటే ఇంకో వంటింట్లోకి పోయి, అయ్యా నేను సాస్ కాస్తా అంటే, కాగితం చూపియ్ అంటాడు. కాగితం మీద షెఫ్ అని పడాల రా. ఒక్కసారి పడితే చాలు, యాడికైనా పోతా.”

“నాకు తెలుసు భాయ్.”

“తెలిస్తే ఐదింటికి కిటికీ దగ్గరుండు.”

“ఆ సాసు నువ్వే కొంచెం నాలిక్కి...”

“రాజూ!”

“అది కాదెహె, మరిగితే వైనులో మత్తంతా ఆవిరైపోద్దంటారు కదా. పాత షెఫ్ కూడా చెప్పాడు, నీ ముందే.”

“ఎంత ఆవిరైందో ఎంత మిగిలిందో అల్లాకు తెలుసు. పోయమన్నారు, పోస్తాండా. కాచమన్నారు, కాస్తాండా. నాలుక మీద పెట్టుకోమంటే మాత్రం పెట్టుకోను. అది ఎవురూ నాకు పెట్టిన రూలు కాదు. నాకు నేను పెట్టుకున్నా.”

“ఉమ్మేత్తే సరి కదా?”

“ఉమ్మేలోపల తగుల్తాది కదా? నువ్వు ఉన్నావు కదా దానికి? మొదటి రోజు ఏమన్నావో గుర్తుందా నీకు?”

“ఏమన్నాను?”

“ఒక చుక్క నాకి, ‘భాయ్, ఇది రెండోరోజు చేపల పులుసులాగుంది, కాకపోతే కోపంగా ఉంది’ అన్నావు. నేను చిటికెడు చక్కెర, ఇంత వెన్న వేసినా. పాత షెఫ్ ఆ పొద్దు గిన్నె పైకెత్తి నాకినాడు. ఆ పొద్దే అనుకున్నా, వీడు గిన్నెలు తోమేవాడు కాదు, నా నాలుక అని.”

“మా అమ్మ పెళ్లిళ్లకి వండేది భాయ్. నూటయాభై మందికి. గుండిగ దగ్గర నన్నే కూచోబెట్టేది. ఉప్పు చూడరా ప్రేమా, ఉప్పు చూడరా ప్రేమా అని.”

“అదే. ఆ నాలుకే. ఇంగొక్కసారి, ఈ పొద్దు ఒక్కసారి.”

“భాయ్, ఒక మాట చెప్తాను. కొట్టకూడదు.”

“చెప్పు.”

“ముందు ఒట్టెయ్యి.”

“నేను ఒట్లు వేయను.”

“అయితే చెప్పను.”

“టైం నాలుగుంపావు రా. చెప్పు.”

“నాకు తెలీదు.”

“ఏం తెలీదు?”

“ఉప్పు.”

“ఏ ఉప్పు?”

“ఏ ఉప్పైనా. ఉప్పు, పులుపు, కారం, చేదు, ఏదీ తెలీదు. టీ తాగితే వేడి నీళ్లు. బిర్యానీ తింటే తడి అన్నం. మొన్న రోలాలో మన రూములో పుల్లారెడ్డి అన్న ఆవకాయ జాడీ ఇచ్చాడు చూడు, అందరూ ముక్కులు తుడుచుకుంటా తిన్నారు. నేనూ తుడుచుకున్నాను. ఊరికే. పక్కోడు తుడుచుకున్నాడని.”

“ఎప్పటి నుంచి?”

“జనవరి.”

“యా జనవరి?”

“ఈ జనవరే. రూములో ఎనిమిది మందిమీ పడ్డాం కదా, పద్నాలుగు రోజులు తాళమేసి కూచోబెట్టారు కదా. మూడో రోజున పోయింది. ఇవాళొత్తది రేపొత్తదని చూశాను. రాలేదు.”

“పది నెలలు.”

“ఆ.”

“పది నెలల నుంచి నువ్వు కొట్టిన దెబ్బలు?”

“కొట్టాను.”

“ఏం చూసి కొట్టినావు రా?”

“నిన్ను చూసి.”

“నన్నా?”

“సాసు వచ్చేసిందని నీకనిపిత్తే నీ కుడి భుజం దిగుద్ది భాయ్. ఇంత. నీకు తెలీదు అది. ఆరేళ్ల నుంచి చూత్తన్నాను కదా. భుజం దిగితే మూడు కొడతాను. దిగకుండా బిగుసుకునుంటే ఒకటి కొడతాను. అదెలాగూ తప్పు కాదు, ఉప్పంటే నువ్వు రెండు రవ్వలే వేత్తావు.”

“నేను భుజం దించేది నీ మొహం చూసినంక కదరా!”

“నా మొహంలో ఏముంది?”

“కండ్లు మూస్తావు. స్పూను నాకి, కండ్లు మూసి, గడ్డం ఇట్ల ఇట్ల ఆడిస్తావు. అది చూసి, వచ్చేసింది, రాజుకు నచ్చింది అనుకుంటా.”

“కళ్లు మూసేది ప్రార్థనకి భాయ్! ప్రభువా తప్పు దెబ్బ కొట్టనియ్యకు, ప్రభువా తప్పు దెబ్బ కొట్టనియ్యకు అని. గడ్డం ఆడేది అందుకు!”

“అంటే నువ్వు నన్ను చూసి...”

“ఆ.”

“నేను నిన్ను చూసి...”

“ఆ.”

“మరి సాస్‌ను చూసిందెవురు?”

“ఎవరూ చూళ్లేదు.”

“తోబా తోబా.”

“నవ్వుతున్నావా భాయ్?”

“ఏడ్చేదానికి రాలేదు రా. ఆగస్టులో ఆ మ్యాగజైను ఆయమ్మ వచ్చి తిని ఏమని రాసింది?”

“‘ఈ సాసులో ఒక వంశం జ్ఞాపకం ఉంది’ అని. రిజర్వేషన్ల ఫేబా చదివి చెప్పింది.”

“యా వంశం అది? రాయచోటి వంశమా, పాలకొల్లు వంశమా?”

“తిన్నావిడకి తెలీదు, వడ్డించినోడికి తెలీదు, వండినోడికి తెలీదు. మరి ఆ ప్లేటుకి అంత రేటు దేనికంట? మన నెల జీతంతో అక్కడ ఇద్దరు కూచుని పొట్ట నిండా తినలేరు. పేరు పలకడానికి నోరు చాలదు. కొవ్వొత్తులు! మెత్తటి తువ్వాళ్లు! వాళ్ల నాలికలు కూడా పోయినట్టున్నాయి, చెప్పుకోడానికి సిగ్గు.”

“అరవద్దు. నాకెందుకు చెప్పలేదు రా?”

“చెప్తే?”

“చెప్పింటే...”

“చెప్పుంటే ఏం చేద్దువు? మర్చిపోయావా? రోలా రూముకి ముదీరు, అదే మేనేజరు, మన షెఫ్, ఇద్దరూ వచ్చారు. లోపలికి రాలేదు. తలుపు దగ్గరే నిలబడ్డారు, మాస్కు మీద మాస్కు. ‘వాసన రానివాళ్లు చెయ్యెత్తండి. భయపడొద్దు. రెస్ట్ ఇస్తాం’ అన్నారు. ఎవరెత్తారు?”

“అప్పాజీ. కలీం.”

“రెస్ట్ ఇచ్చారా?”

“టికెట్ ఇచ్చినారు.”

“ఇచ్చారా లేదా?”

“అంటాండా కదా. టికెట్ ఇచ్చినారు.”

“కలీం కర్నూలు పోయాడు. అప్పాజీ ఎక్కడున్నాడో తెలుసా? ఇంటికి పోయే మొహం లేక వీసా మార్చుకుని ఇక్కడే కల్బాలో సిమెంటు మూటలు మోత్తన్నాడు. పదేళ్లు గ్రిల్లు మీద నిలబడినోడు. మాంసం మీద బొటనవేలు పెట్టి లోపల ఎంత ఉడికిందో చెప్పేవోడు. వాసన పోతే వేలు కూడా పోయిందా? అడిగాడా ఎవడైనా? ఎనిమిది మందిని ఒక్క గదిలో మంచం మీద మంచం వేసి కుక్కింది ఎవరు? జబ్బు ఇచ్చింది వాళ్లు, టికెట్ ఇచ్చింది వాళ్లు!”

“మెల్లగా.”

“మెల్లగానే ఉన్నాం కదా ఇన్నాళ్లూ. నా చెయ్యి లేవలేదు భాయ్. లేపుదామనే అనుకున్నాను. పక్కన అప్పాజీ ఎత్తాడు కదా, నేనూ ఎత్తుదాం అనుకున్నాను. చెయ్యి నాది కానట్టు అయిపోయింది. నువ్వు చూసే ఉంటావు.”

“నేను నిన్ను చూళ్లేదు.”

“ఎదురుగానే ఉన్నావుగా?”

“నేల చూస్తాంటి.”

“ఎందుకూ?”

“ఊరికే.”

“ఇంకో సంగతి అడగనా?”

“ఇంగేం అడుగుతావు, టైం అయితాంది.”

“అంతకు ముందు వైను పోసిన సాసులే నాకిచ్చేవోడివి. వెన్న సాసు నువ్వే చూసుకునేవోడివి. గుడ్డు సాసు నువ్వే. చేపకి పోసే తెల్ల సాసు నువ్వే. ఫిబ్రవరిలో మళ్లీ తెరిచిన కాడ్నుంచి అన్నీ నా ముందుకే తోత్తన్నావు. గుడ్డు సాసుకి కూడా నేనే కొట్టాలి. నాకా ప్రాణం పోతంది. ఎందుకిచ్చావు?”

“నమ్మకం.”

“నమ్మకమా?”

“పని ఎక్కువైంది. రష్.”

“ఫిబ్రవరిలో రష్షా? సగం టేబుళ్లకి టేపు వేసి పెట్టారు, కూచోకుండా.”

“ఎందుకో ఒకందుకు. వదిలెయ్ రా.”

“సరే, వదిలేశాను. ఇప్పుడేం చేత్తావు?”

“నువ్వు చెప్పు.”

“ఒక్కటే దారుంది భాయ్. కోప్పడకు. నువ్వే పెట్టుకో. ఇవాళ ఒక్కరోజు. మూడు స్పూన్లు. నీ నాలిక మంచిది, వెన్న సాసులు చూత్తే నాకు తెలుసు. నీకు నిమిషంలో తేలిపోద్ది ఏది ఎవరిదో. తర్వాత నీ దేవుడికి నువ్వు చెప్పుకో, మా పాస్టరుగారితో నేను కూడా చెప్పిత్తాను.”

“మీ పాస్టరు చెప్తే మా ఆయన ఇంటాడా?”

“వింటాడెహె. అందరికీ పైన ఒకటే ఆఫీసు.”

“పెట్టుకున్నా రాజూ.”

“ఏంటి?”

“పొద్దున పెట్టుకున్నా. సాస్ కాచినంక. ఎవురూ లేరు. స్పూను ముంచి నోట్లో పెట్టుకున్నా.”

“నువ్వా?”

“నేనే.”

“నువ్వు? వైను సాసు? భాయ్! మరి ఇంతసేపు నన్ను ఎందుకు ఏడిపిత్తన్నావు, నడుం విరగ్గొట్టి... మరింకేం, నీకు తెలిసిపోద్దిగా! ఎలా ఉంది?”

“ఏమీ లేదు.”

“ఏమీ లేకపోవడమేంటి?”

“ఏమీ లేదు రా. వెచ్చగా ఉండె. జారిపోయె. అంతే. నాకు కూడా జనవరే.”

“లేదు.”

“నీకంటే ఒక రోజు ముందే పోయిండాది. రెండో రోజు. మా ఇంటామె గుల్జార్ ఫోన్లో ఏం తిన్నావంటే, కోడి పులుసు అని చెప్పినా. తింటాండేది ఏందో నాకే తెలీదు.”

“అందుకా ఆ రోజు నేల చూశావు?”

“ఆ పొద్దు నేల చూస్తాంటి. ఎత్తినోళ్ల మొహాలు చూడలేక.”

“మరి అన్ని సాసులూ నాకు...”

“నాకేం భయం, రాజు నాలుక ఉంది కదా అనుకున్నా. వైన్ సాస్‌కు ఎట్లాగూ వాడే, మిగతావి కూడా వాడే చూస్తాడు. మంచిదే, నాది పోయినా వానిది ఉంది అని. రోజూ పడుకునేటప్పుడు అదే అనుకుని పడుకుంటాంటి.”

“నేనూ అంతే భాయ్. ఖాదర్ భాయ్ చెయ్యి ఉంది, నాది పోతే ఏంలే అని.”

“ఇద్దరం ఒకే గోడకు ఆనుకున్నాం. గోడ లేదు.”

“మరి తెలీనప్పుడు ఇవాళ వైను ఎందుకు పెట్టుకున్నావు?”

“ఎవురో అన్నారు, నాలుకకు అలవాటు లేనిది తగిలితే ఒక్కోసారి మేలుకుంటాదంట. నా నాలుక అన్నీ చూసింది, అదొక్కటే చూళ్లేదు. కొత్తదానికన్నా లేస్తాదేమో అని. పదమూడేళ్లు కాచుకున్నదాన్ని ఒక్క స్పూనుకు పోగొట్టుకున్నా. తప్పూ చేసినా, రుచీ తెలీలే.”

“భాయ్...”

“చెయ్యి తీయ్ రా. ఏడ్చొద్దు. మొహం కడుక్కోవాల నేను.”

“ఎల్లి చెప్పెయ్. మొహం మీదే చెప్పెయ్. మీ రూములో పట్టింది, మీ పన్లో పోయింది, నా చెయ్యి ఇంకా పనిచేత్తంది, పది నెలలు నువ్వు కూడా కనిపెట్టలేకపోయావని చెప్పు!”

“చెప్పు, అరిచినావు కదా. చెప్తే ఏమైతాది?”

“టికెట్.”

“చెప్పకుండా లోపలికి పోతే?”

“దొరికిపోతావు.”

“దొరికితే?”

“టికెట్.”

“జరం వచ్చిందని పడుకుంటే?”

“రేపు పిలుత్తారు.”

“ఇంగ చెప్పు, ఏ తలుపు తెరిచేది?”

“నాకేం తెలుసు భాయ్. గిన్నెలు తోమేవోణ్ని. రాయచోటి పోతే మాత్రం నీకు వంట పని దొరకదా?”

“నాకు పప్పు పోపు పెట్టేది రాదు రా. ఇరవై రెండేళ్లప్పుడు వచ్చినా. మా వీధిలో పెళ్లికి బిర్యానీ దించేవాళ్లు నా మాదిరి చూస్తా ఒండరు, కండ్లు మూసుకుని ఒండుతారు. నాకొచ్చింది ఈ పని ఒక్కటే. ఎముకలు, వెన్న, ఇంగ నేను ముట్టని వైను. దీన్ని తీసుకపోయి రాయచోటిలో ఎవునికి పెట్టేది?”

“ఖాదర్ భాయ్! ఇక్కడున్నారా? లోపలంతా వెతుకుతున్నానండీ.”

“ఏమ్మా ఫేబా, రిజర్వేషన్ కౌంటరు వదిలిపెట్టి ఈడికొచ్చినావు?”

“షెఫ్ పంపారండీ. మిమ్మల్ని రమ్మంటున్నారు.”

“ఐదు కాలేదు కదమ్మా?”

“ఇప్పుడే రమ్మన్నారు. మీరొక్కరే అని మరీ మరీ చెప్పారు. ప్రేమరాజు అన్నయ్యా, మీరు గిన్నెల దగ్గరికి రావద్దంట. ఆ గోడ కిటికీ మూసేశారు.”

“మూసేశాడా? ఎందుకంట?”

“నాకేం తెలుసు అన్నయ్యా.”

“బల్ల మీద గిన్నెలు పెట్టినాడా ఫేబా?”

“మూడు పెట్టారండీ. మూతలేసి. తొందరగా రండి భాయ్, ఆయన మొహం బాలేదు.”

“వస్తాండా పో.”

“భాయ్.”

“ఏం?”

“ఏం చెప్తావు?”

“నిజమే చెప్తా. నాది మాత్రమే. నీ పేరు రాదు.”

అవే మెట్లు. ఐదున్నర.

“చెప్పు భాయ్.”

“నీళ్లుండాయా?”

“ఇదిగో. తాగు. చెప్పు.”

“చల్లగుండాయి.”

“భాయ్, నా గుండె ఆగిపోతంది.”

“ఇచ్చినాడు.”

“టికెట్టా?”

“ఉద్యోగం.”

“ఏంటి?”

“అబుదాబి. సూ షెఫ్. వీసా మారుస్తారంట. కాగితం ముందే టైపు చేపిచ్చి పెట్టినాడు. ఇదో. ఇది నా పేరు. కింద ఇది.”

“షెఫ్. షెఫ్ అనే ఉంది! ప్రభువా, స్తోత్రం! గెలిచేశావా? మూడు గిన్నెలూ చెప్పేశావా? ఎలా చెప్పావు భాయ్, రంగు చూసా?”

“మూతలు తీయలే. పరీక్ష ఊరికే పేరుకంట.”

“మరి?”

“నేను లోపలికి పోయినా. నిజం చెప్దామని నోరు తెరిచినా. ‘షెఫ్, నాకు...’ అన్నా. ‘ఆగు, ముందు నేను చెప్తా’ అన్నాడు. అందర్నీ బయటికి పంపించినాడు. తలుపుకు గొళ్లెం పెట్టినాడు. స్టూలు మీద కూచున్నాడు. వంటింట్లో ఆయన కూచోంగ నేను ఎన్నడూ చూళ్లేదు రా.”

“ఏం చెప్పాడు?”

“ఆయనకూ లేదంట.”

“ఏది లేదు?”

“ఉప్పు. పులుపు. ఏదీ లేదంట.”

“ఎప్పట్నుంచి?”

“జనవరి.”

“జనవరిలో ఎప్పుడు? మన రూముకొచ్చాకా, రాకముందా?”

“ముందే. నాలుగు రోజులు ముందే.”

“అంటే తలుపు దగ్గర నిలబడి చెయ్యెత్తండి అన్నప్పుడు...”

“అప్పటికే.”

“అప్పాజీ టికెట్ కాగితం మీద సంతకం చేసింది ఈడే కదా! కలీం కాళ్లు పట్టుకుంటే వెనక్కి జరిగింది ఈడే కదా! వదులు. వదులు భాయ్, లోపలికి ఎల్తాను.”

“కూచో.”

“కాలరు పట్టుకుని అడుగుతాను. మీ చెయ్యి ఎక్కడుంది సార్ ఆ రోజు అని!”

“అడుగుతావు. ఓనరుకు తెలుస్తాది. ఈయన్ని పంపుతాడు. ఇంగో షెఫ్‌ను తెస్తాడు. వానికి నాలుక ఉంటాది. మొదటి పూట నా సాస్ నాకుతాడు. ఇద్దరం పోతాం. కూచో రా.”

“ఆడి కోసం నోరు మూసుకోవాలా మనం?”

“మన కోసం మూసుకోవాల. ఏం చేస్తాం.”

“నీది కూడా పోయిందని చెప్పావా ఆయనకి?”

“యాడ చెప్పనిచ్చినాడు? చెప్పింటే ఈ కాగితం యాడిది?”

“మరి ఇంతమంది ఉండగా తలుపేసి నీకే ఎందుకు చెప్పుకున్నాడు?”

“నేను వైన్ నాలుక మీద పెట్టనని ఆయనకు మొదటి నుంచి తెలుసంట. దూరం నుంచి చూస్తాండాడంట. స్పూను నోటి దాకా పోతాది, లోపలికి పోదు అని. ‘అయినా ఇన్నేళ్లలో ఒక్క సాస్ తప్పలేదు, ఇట్లాంటి మనిషిని మా దేశంలో కూడా చూడలేదు’ అన్నాడు.”

“మరి నేను? నా దెబ్బలు?”

“అది గిన్నెలు కడిగే చప్పుడు అనుకున్నాడు.”

“ఆరేళ్లు కొట్టాను భాయ్.”

“తెలుసు రా.”

“ఇప్పుడేం కావాలంట నీ దగ్గర?”

“లేచినాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టినాడు. గరిటె నా చేతికిచ్చి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నా పక్కన నిలబడినాడు. ‘నాలుక లేకుండా ఎట్ల వండుతారో నాకు నేర్పించండి, షెఫ్’ అన్నాడు రాజూ. నన్ను.”